కుడి చెయ్యి లేని బొమ్మ

నేను ఒక బొమ్మను. కాకినాడలో ఒక అద్దె గదిలో, కాన్వాసు గుడ్డమీద, ఆయిల్ రంగులతో పుట్టాను. నేను పుట్టిన పొద్దున ఆ గదిలో సంచి సర్దుతున్నారు. రెండు చీరలు, ఒక దువ్వెన, పులిహోర పొట్లం, నలగకుండా తువ్వాల్లో చుట్టిన నాలుగు చిన్న బొమ్మలు. సర్దుతున్న మనిషి భ్రమరాంబ. ఆమెను చూస్తూ నన్ను వేస్తున్న మనిషి ఆమె స్నేహితురాలు తాయారు.

"కదలకే భ్రమరా! చెయ్యి వేస్తున్నాను."

"కదలకుండా సంచెలా సర్దుతారే తల్లీ? పోనీ నువ్వు సర్దు, నేను బొమ్మేస్తా."

"వేశావులే! నువ్వు ఆవును వేస్తే ఊరంతా మేకంది."

"నవ్వింది చాలు, బస్సు వెళ్ళిపోద్ది. ఆ చెయ్యొక్కటీ ఉంచు. వచ్చాక కూచుంటా."

అందుకే నా కుడి చెయ్యి మోచేతి దగ్గరే ఆగిపోయింది. ఆ కింద ఉన్నది వట్టి బొగ్గు గీత. వెళ్ళేముందు భ్రమరాంబ నా వెనక అంటించిన కాగితంమీద ఏదో రాసి, తనలో తనే నవ్వుకుంది.

ఆ కాగితం సంగతి చెప్పాలి. పెళ్ళికి గోడగడియారం కొనే జనం బొమ్మ కొనరు. తాయారు దుకాణాలకు బోర్డులు రాసుకుంటూ, పొద్దు మిగిలితే బొమ్మలు వేసేది. అప్పుడు భ్రమరాంబ ఒక ఉపాయం చెప్పింది. నెలనెలా చందా కట్టిన ఇంటికి ఒక బొమ్మ. ఒకటో తారీకున దాన్ని తెచ్చేసి ఇంకోటి ఇవ్వడం. లైబ్రరీ పుస్తకానికి ఉన్నట్టే ప్రతి బొమ్మ వెనకా ఒక కాగితం: ఎవరింటికి, వెళ్ళిన తేదీ, వచ్చిన తేదీ. పదమూడిళ్ళు చేరాయి. తాయారు బోర్డులు మానేసి బొమ్మలమీద కూర్చుంది. ఇంకొందరు చందాదారులను కూడగట్టడానికే భ్రమరాంబ ఆ పొద్దున విశాఖపట్నం బయల్దేరింది.

ఇక నా తిరుగుడు మొదలైంది. మనుషుల గోడలమీద నెలకొకచోట వేలాడి చూడండి, తెలుస్తుంది. ప్లీడరుగారు నన్ను చూడనే లేదు, గోడమీద చెమ్మ మరకను కొలిచి, అది కనపడకుండా నన్ను తగిలించారు. ఎముకల డాక్టరుగారు వచ్చినవాళ్ళందరికీ నా మోచెయ్యి చూపించి, ఎక్కడ విరిగితే ఎలా కట్టు కట్టాలో పాఠం చెప్పారు. సోఫా రంగుకు నప్పలేదని ఒకావిడ నన్ను మంచం కింద పెట్టి, నెలాఖరున తీసి దుమ్ము దులిపింది. అందరిదీ ఒకటే మాట: "చెయ్యి పూర్తి చేసెయ్యమ్మా తాయారూ, అరగంట పని!"

"మనిషి రావాలండీ. వచ్చే నెల వస్తుంది," అనేది తాయారు.

మనిషి రాలేదు, కార్డు వచ్చింది. 'ఇక్కడ ఆడపిల్లల హాస్టల్లో ఉద్యోగం దొరికింది. సెలవులకు వచ్చి చెయ్యి వేయించుకుంటాను.' తరవాత మరి కార్డు లేదు. తాయారు రాసిన ఉత్తరాలు, 'ఈ పేరుగలవారు ఇక్కడ లేరు' అన్న రాతతో తిరిగొచ్చాయి. ఆ చిరునామాకు వెళ్ళి చూస్తే హాస్టలు ఎత్తేసి ఉంది. అయినా ఇళ్ళలో చెప్పే మాట మారలేదు, వచ్చే నెల.

ఆరేళ్ళు గడిచాక నేను మహాలక్ష్మమ్మగారింటికి వెళ్ళాను. పెద్దావిడ, మంచి మనిషి. మంచివాళ్ళతోనే వస్తుంది చిక్కు. నా నుదుట కుంకుమ బొట్టు పెట్టి, కనకాంబరాల దండ వేసి, రోజూ అగరొత్తి వెలిగించింది. నాకు నోరుంటే ఆ పొగకు దగ్గి చచ్చేదాన్ని.

ఒకటో తారీకున తాయారు గుమ్మంలోనే నిలబడిపోయింది.

"బతికున్న మనిషికి దండేస్తారా!"

"అయ్యో, తెలీదమ్మా! బొమ్మ సగంలో ఆగిపోయి ఉంటే, మనిషి పోయిందేమో అనుకున్నా," అంది పెద్దావిడ చేతులు నలుపుకుంటూ. "ఎప్పుడొస్తుంది మరి?"

తాయారు నోరు తెరిచింది. అన్ని గుమ్మాల్లోనూ చెప్పిన ఆ మాట ఈ గుమ్మంలో రాలేదు. కొంగుతో నా బొట్టు తుడిచి, దండ తీసి ఆవిడ చేతిలోనే పెట్టి, నన్ను చంకన పెట్టుకుని ఇంటికి నడిచింది.

ఆ సాయంత్రం రంగు కలిపింది. తన ఎడమ చెయ్యి చాచి, దాన్నే చూసి నాకు రెండు వేళ్ళు వేసింది. చాలాసేపు చూసింది. టర్పెంటైన్ గుడ్డతో తుడిచేసింది. నాకు విసుగొచ్చింది. వేసెయ్యి తల్లీ, ఎవరి చెయ్యయితేనేం! నా మాట ఎవరు వింటారు?

తక్కిన బొమ్మలు ఇప్పటికీ ఇళ్ళు తిరుగుతున్నాయి. తాయారు వాటిమీదే బతుకుతోంది. నన్ను మాత్రం మళ్ళీ పంపలేదు. మొహం గోడవైపు తిప్పి నిలబెట్టింది. గదిలోకి వచ్చినవాళ్ళకు నా వెనక కాగితమే కనిపిస్తుంది. నేను వెళ్ళిన ప్రతి ఇంటికీ అందులో వెళ్ళిన తేదీ ఉంది, వచ్చిన తేదీ ఉంది. అన్నిటికన్నా పైనున్న మొదటి వరుస మాత్రం భ్రమరాంబ చేతిరాత. తన పేరు, వెళ్ళిన తేదీ రాసుకుని, వచ్చిన తేదీ గడి ఖాళీగా వదిలేసింది.

భ్రమరాంబ 1988 జూన్ 9న వెళ్ళింది. తిరిగి రాలేదు.