తవిటమ్మ పట్టుకున్న చెయ్యి

దీవిలోని గోల్ ఘర్ పేటలో తవిటమ్మకి చిన్న గాజుల కొట్టు ఉంది. మొగుడు అప్పయ్య పడవ మీద వేటకెళ్తాడు, ఆవిడ కొట్టు చూసుకుంటుంది. అదే ఊళ్లో డాలీగంజ్‌లో ఉండే సత్యవాణి టీచరు పదిహేనేళ్లుగా ఆవిడ దగ్గరే గాజులు వేయించుకుంటోంది.

ఆ శ్రావణమాసంలో తవిటమ్మ ఆమె చెయ్యి పట్టుకుని ఎంత నొక్కినా గాజు ఎక్కలేదు. పెద్ద సైజు తీసింది. అదీ వేళ్ల మొదట్లోనే ఆగిపోయింది. లావైపోయానని సత్యవాణి నవ్వేసింది. తవిటమ్మ నవ్వలేదు.

“లావెక్కితే సెయ్యి మెత్తబడుద్ది టీచరమ్మా. నీకు ఎముకే పెరిగినట్టుంది. మూడేళ్లలో మూడు సైజులు మారావు. డాక్టర్ సాబ్‌కి సూపించుకో.”

ఇంటికి వెళ్తూ సత్యవాణి ఆలోచించింది. చెప్పులు ఇరుకయ్యాయి, గొంతు బొంగురుపోయింది, రోజూ తలనొప్పి. ఆమె గురక భరించలేక భర్త గణపతి హాల్లో పడుకుంటున్నాడు. అన్నిటికీ వయసే కారణమనుకుంది. ఏటా పిల్లలకి హార్మోన్ల పాఠం చెబుతూ కూడా తన ఒంట్లో జరుగుతున్నది పోల్చుకోలేకపోయింది.

రక్తపరీక్షల్లో గ్రోత్ హార్మోన్ మితిమీరి ఉందని తేలింది. స్కానింగులో మెదడు అడుగున, పిట్యూటరీ గ్రంథిలో చిన్న గడ్డ కనిపించింది. గణపతి సెలవు పెట్టి ఆమెను చెన్నై తీసుకెళ్లాడు. ముక్కులోంచే గడ్డ తీసేశారు.

ఆ గడ్డను పరీక్ష చేశాక అక్కడి డాక్టరు హేమమాలిని మంచం పక్కన కూర్చుని అంతా విడమరిచి చెప్పింది. హార్మోన్ వదలమని పైనున్న మెదడు నుంచి కబురు రాగానే పిట్యూటరీ కణంలో ఒక ఎంజైము పనిలోకి దిగి, ఆ కబురును కణం లోపలికంటా చేరవేస్తుందట. కబురు ఆగితే ఎంజైమూ ఆగాలి. సత్యవాణి గడ్డలోని కణాల్లో దాన్ని ఆపే ఏర్పాటు చెడిపోయింది. కబురు రాకపోయినా అది పనిచేస్తూనే ఉంది, హార్మోన్ ఊరుతూనే ఉంది. ఇంకొన్నేళ్లు గడిస్తే గుండె దెబ్బతినేదని చెప్పి, ఇంత తొందరగా ఎవరు గుర్తుపట్టారని అడిగింది.

“మా గాజులామె,” అంది సత్యవాణి.

మూడో నెల పరీక్షలో హార్మోన్ మామూలు స్థాయికి వచ్చింది. ఆ కాగితం చేతికి అందగానే సత్యవాణి తిన్నగా గోల్ ఘర్ వెళ్లింది. అన్నం వేళ కావడంతో తవిటమ్మ ఆమెను కొట్టు వెనక ఇంట్లోకి తీసుకెళ్లి పీట వేసింది. సంగతంతా విని, తిండిలో తేడా వల్ల ఆ ఎంజైము అలా అయిందా అని అడిగింది. అది ఎవరి తప్పూ కాదని, ఎక్కడో ఒక్క కణంలో పుట్టిన చిన్న తేడా అని సత్యవాణి చెప్పింది. దారిలో ఎన్నో మాటలు కూర్చుకుంది గానీ ఒక్కటే బయటికొచ్చింది.

“నీవల్లే బాగుపడ్డాను తవిటమ్మా.”

“నానేటి సేసాను? సెయ్యి పట్టుకుంటే తెల్సింది, సెప్పాను,” అంటూ తవిటమ్మ పులుసు దాక మూత తీసింది. పొద్దున అప్పయ్య తెచ్చిన వంజరం.

ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి సత్యవాణికి ఏ వాసనా తెలియడం లేదు. ఇప్పుడు చింతపండు పులుపు, చేప వాసన సన్నగా ముక్కుకి తగిలాయి. ఆమె కళ్లు తుడుచుకుని, కంచం ముందుకు జరిపింది.