జెలీకి చూపించని నిమ్మతోట

మా ఆయన ఫోర్తునే మీద నాకున్న ఫిర్యాదుల్లో తాజాది, ఉన్నట్టుండి అతనికి తోటల పిచ్చి పట్టడం. ఫ్రాన్సు దక్షిణ తీరాన ఉన్న ఈ మాంతోన్‌లో పుట్టి, మాంతోన్‌లోనే జుట్టు నెరిసిన మనిషి. ఈ ఊళ్లో తోట చూడ్డానికి టికెట్ కొనేవాళ్లు బుద్ధి తక్కువవాళ్లని అతని నమ్మకం. పెళ్లైన కొత్తలో నేను ముచ్చటపడితే గేటు బయట నిలబెట్టి, "కనపడుతోందిగా, ఇంకేం కావాలి?" అన్నాడు. అలాంటివాడు ఈ ఫిబ్రవరిలో చెల్లెలు జెలీ వచ్చింది మొదలు, రోజుకో తోటకు టికెట్లు కొని మమ్మల్నిద్దర్నీ వెంటబెట్టుకుని తిప్పుతున్నాడు. తామర కొలను ముందు ఫొటో కూడా తీశాడు. సగం అతని బొటనవేలే పడింది.

జెలీ వచ్చింది తామరలు చూడ్డానికి కాదు. భర్త పోయాక లియోన్‌లో ఆమెకు నా అన్నవాళ్లు లేరు. అద్దె ఫ్లాటు ఖాళీ చేసి, సామాను అమ్మేసి, ఊరి పైన కొండమీది మా నిమ్మతోటలో మిగతా బతుకు గడుపుదామని వచ్చేసింది. తోట మా మామగారిది. ఇప్పుడు అన్నాచెల్లెళ్లిద్దరిదీ. చలికాలమంతా ఆమె ఫోన్‌లో, "చెట్లెలా ఉన్నాయన్నయ్యా?" అని అడగడం, ఇతను, "చెట్లకేం, నిలబడే ఉన్నాయి" అనడం. అబద్ధమని అనలేం. చచ్చిన చెట్టు కూడా కొన్నాళ్లు నిలబడే ఉంటుంది.

"చెప్పెయ్. ఆ మనిషి ఫ్లాటు వదిలేసుకుంటోంది" అని నేను పోరుతూనే ఉన్నాను.

"వసంతంలో చిగురేస్తాయేమో. అప్పుడు చెబుదాం" అనేవాడు.

మన తోటకెప్పుడని జెలీ అడిగితే, పండుగ అయ్యాక అనేవాడు. ఊళ్లో ఏటా జరిగే నిమ్మపండుగ రోజులు కావడంతో కాలక్షేపానికి లోటు లేకపోయింది. నిమ్మకాయలూ నారింజలూ రబ్బరు బ్యాండ్లతో బిగించి కట్టిన ఏనుగు బొమ్మనీ, ఓడ బొమ్మనీ చూసొచ్చాం. ఆ కాయలు స్పెయిన్ నుంచి లారీల్లో వస్తాయి. ఏనుగు తొండానికి కట్టేంత చవక కాదు మా ఊరి కాయ. ఇంటికి రాగానే ఫోర్తునే వంటగదిలో చేరి, మార్కెట్లో కొన్న కాయల మీది స్టిక్కర్లు గోటితో గీకి, మా తోటవే అనిపించేలా ఆకున్న కాయను పైకి పెట్టి బుట్ట సర్దేవాడు.

ఆదివారం చేప వండాను. నిమ్మకాయ కోసి పెట్టే పని నాది. ఒక కాయ స్టిక్కర్‌తో సహా కోసి జెలీ పళ్లెం పక్కన పెట్టాను.

జెలీ దాన్ని చూసింది. వాసన చూసింది. "వదినా, మన చెట్లు ఈమధ్య స్టిక్కర్లు కాస్తున్నాయా?"

"మీ అన్నయ్యనడుగు. తోట పని నాకు తెలీదుగా" అన్నాను.

ఫోర్తునే చేపముళ్లు ఏరుతూ ఉండిపోయాడు. జెలీ భోజనం మధ్యలో లేచి బూట్లు వేసుకుంది.

కొండ మెట్లు ఎక్కాం, జెలీ అందరికన్నా ముందు, అతను అందరికన్నా వెనక. పైన కొండను మెట్లుమెట్లుగా చదును చేసిన ఒక్కో అంచెలోనూ వరసగా నిలబడ్డ బూడిదరంగు కట్టెలు. ఆకు రాలిపోయినా తొడిమలు మాత్రం కొమ్మల్నే పట్టుకుని ఉన్నాయి. జెలీ ఒక కొమ్మ గోటితో గీకింది. బెరడు కింద పచ్చదనం ఉండాల్సిన చోట నారింజ రంగు. ఇంకో చెట్టు గీకింది. పై అంచెకు వెళ్లి అక్కడా గీకింది. అటూ ఇటూ తిరిగి, కాసేపటికి గీకడం మానేసింది.

"ఎండు తెగులు" అంది. "కొత్తవి పెడదామా?"

"ఇప్పట్లో ఈ నేలలో నిమ్మ పెట్టొద్దన్నారు, వ్యవసాయం ఆఫీసువాళ్లు" అన్నాను. అతను చెప్పేలా లేడు.

జెలీ రాతిగోడ మీద కూర్చుంది. "మంచం కూడా అమ్మేశానొదినా" అంది, మామూలుగా, ధర చెబుతున్నట్టు.

"రెండేళ్ల కిందట వడగళ్లు పడ్డాయి" అన్నాడు ఫోర్తునే. "గాయమైన చోటల్లా తెగులు దూరింది. పక్క తోటలో కూడా..."

"పక్క తోట పచ్చగానే ఉందన్నయ్యా, కనపడుతోంది."

ఆమె వంగి చెట్టు మొదట్లో మట్టి కదిపింది. ముక్కలు ముక్కలుగా నరికి పరిచిన ఎండుకొమ్మలు బయటపడ్డాయి. మా కొండమీద కోసిన కొమ్మను ఎవరూ కిందికి మోయరు. నరికి చెట్టు కిందే పరిస్తే నేలకు చెమ్మ ఆగుతుంది. మా మామగారూ అంతే చేసేవారు. అయితే ఆయన పరిచినవి తెగులు కొమ్మలు కావు. ఈ తెగులు కొమ్మల మీద వాన పడి, ఆ చినుకులు చిట్లి, రోగం చెట్టు చెట్టుకూ ఎక్కింది.

"మొదటి కొమ్మ ఎండినప్పుడు సెలవులకొచ్చి నేనిక్కడే ఉన్నాను" అంది జెలీ. "కోసి కాల్చెయ్యమన్నాను. ఏమన్నావ్ నన్ను?"

అతను ఒక ఎండుకొమ్మను బూటుతో పక్కకు తోశాడు.

"బస్సులో టికెట్లు కొట్టేదానివి, నాకు నేర్పడానికొచ్చావా అన్నావ్. ఫోన్ చేసి అడిగితే, కాల్చేశానన్నావ్. వడగళ్లేనా అన్నయ్యా, ఇవి నరికి ఇక్కడ పరిచింది?"

ఫోర్తునే టోపీ తీశాడు. పెట్టుకోబోయి మళ్లీ తీశాడు. కింద ఊళ్లో పండుగ బ్యాండు మోగుతోంది. ఇన్నేళ్ల కాపురంలో నేను వినని మాట అతని నోటి నుంచి వస్తుందని నేననుకోలేదు. వచ్చినందుకు సంతోషమూ కలగలేదు.

"కాల్చలేదు జెలీ. నువ్వు చెప్పావనే కాల్చలేదు" అన్నాడు. "తప్పు నాది."