ఒంటిపూట కూలీ

పాల్వంచ దాటి అడవి వైపు తిరిగే మలుపులో ఒక బూడిద ఇటుకల ఫ్యాక్టరీ ఉంది. శనివారం సాయంత్రం అక్కడ కూలీలకు డబ్బులిస్తారు. ఆ పూట ఎదురుగా ఉన్న చాయ్ బండి దగ్గర కాసేపు నిలబడితే చాలు, మన లోకంలో దయ అనే సరుకు ఎంత చవగ్గా దొరుకుతుందో ఎవరికైనా తెలిసిపోతుంది.

"మీకెంత కటింగ్ పోయింది?" అని పక్క కంపెనీ కూలీలను వారం వారం అడిగేవాడు జస్టిన్. వాళ్లు పీఎఫ్‌కు ఇంత, ఈఎస్‌ఐకి ఇంత అని మొహాలు వేలాడేసుకుని చెప్పేవారు. అప్పుడు మనవాడు చాయ్ గ్లాసు పైకెత్తి, "మాకు కటింగ్ గిటింగ్ ఏం లేదు. మా ఆదినారాయణ సార్ కష్టం జేసినోని పైసలల్ల కత్తెర పెట్టడు," అనేవాడు. సొంత బావమరిది కలెక్టరైనంత గర్వం ఆ గొంతులో.

ఈ ఆదినారాయణ ఆ ఫ్యాక్టరీకి కూలీలను పెట్టే కాంట్రాక్టరు. కుడిచేత్తో ఇచ్చింది ఎడమచేతికి తెలియకూడదంటారు పెద్దలు. ఈయన ఇచ్చింది ఊరూవాడా తెలియాల్సిందే. కోయగూడెం కుర్రాళ్లకు వాలీబాల్ నెట్ ఇస్తే దాని కర్రల మీద ఈయన పేరు. చర్చికి ఫ్యాన్లు ఇస్తే ఒక్కో రెక్క మీద ఎర్రరంగుతో 'దాత ఆదినారాయణ' అని రాయించాడు. ఫ్యాన్ తిరిగినప్పుడు పేరు కనిపించదని తెలిశాక పాపం చాలా బాధపడ్డాడట.

జస్టిన్ భార్య ఫ్లోరెన్స్‌కు మాత్రం ఈ దాతను చూస్తే మొదటినుంచీ ఒళ్లు మంట. కంపెనీ క్వార్టర్లలో ఇళ్లు ఊడ్చి బతికే మనిషి ఆమె. పెద్దవాళ్ల మంచితనం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో చీపురు పట్టినవాళ్లకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. "ఊరికెనే ఎవడయ్యా ఇచ్చేది? ఊరికెనే పెడితే చెవుల పువ్వే పెడతరు," అనేది మొగుడితో. "నీకు మంచోళ్లంటె పడదు," అని నవ్వి ఊరుకునేవాడు జస్టిన్.

వానలు మొదలైన వారంలో ఇటుకల ప్రెస్సు జస్టిన్ కుడిచేతిని పట్టుకుంది. పక్కనే పనిచేస్తున్న భద్రయ్య పరుగున వెళ్లి స్విచ్ ఆపేసరికే మూడు వేళ్లు పోయాయి. దవాఖానాలో కుట్లు వేశారు. వైద్యానికి పైసా అడగలేదు, కార్మికుల బీమా కింద ఈఎస్‌ఐ కార్డు ఉంది కాబట్టి. పని లేని రోజులకు కూడా డబ్బు వస్తుందని చెబితే ఫ్లోరెన్స్ కాస్త ఊపిరి పీల్చుకుంది. ఆ డబ్బు బ్యాంకులో పడింది. చూస్తే, తనకు చెప్పినదాంట్లో సగమే.

ఎక్కడో పొరపాటు జరిగి ఉంటుందనుకుని ఆమె నేరుగా ఈఎస్‌ఐ ఆఫీసుకు వెళ్లింది. అక్కడి అధికారి పేరు ప్రమీల. ఆమె కంప్యూటర్ వైపు, ఫ్లోరెన్స్ వైపు మార్చి మార్చి చూసింది.

"మీ ఆయన ఒంటిపూట కూలీయే కదమ్మా?"

"ఒంటిపూటేంది మేడం?"

"పొద్దున వచ్చి మధ్యాహ్నానికి వెళ్లిపోతాడని కాంట్రాక్టర్ చూపించాడు. సగం జీతానికే డబ్బు కట్టాడు. చూపించిన జీతాన్ని బట్టే మేం ఇచ్చేది. ఇదొక్కటే కాదు, వేళ్లు పోయినందుకు బతికినంతకాలం నెలనెలా పింఛను వస్తుంది. అదీ ఈ సగం మీదే వస్తుంది."

తెల్లారి టిఫిన్ డబ్బా పట్టుకుని వెళ్లి, దీపాలు పెట్టే వేళకు ఒళ్లంతా బూడిదతో వచ్చే మొగుడు ఒంటిపూట కూలీయా? ఒంటిపూట అనే మాట ఆమె ఎండాకాలం బడుల విషయంలోనే విన్నది. ప్రెస్సుకు ఆ సంగతి తెలియక నిండుగా మూడు వేళ్లు తినేసిందన్నమాట!

"సోమవారం నేనే ఫ్యాక్టరీకి విచారణకు వస్తాను," అంది ప్రమీల. "రోజంతా పని చేశాడని తెలిసినవాళ్లు వచ్చి చెప్పాలి. అది రుజువైతే జీతం సరిచేయించి, తక్కువ కట్టినది కాంట్రాక్టర్ దగ్గరే వసూలు చేస్తాం."

"కటింగ్ లేదని మురిసిపోయిండ్రు మేడం వీళ్లంత. నిజంగ కట్ చేస్తె మా ఆయనకు నెలకు ఎంత పోతుండె?"

ప్రమీల చెప్పింది. ఈఎస్‌ఐకి ఆయన వంతు పోయేది, ఆయన వారానికి తాగే చాయ్ ఖర్చంత కూడా లేదు. పెద్ద వంతు కట్టాల్సింది కాంట్రాక్టరే. అంటే కత్తెర పడకుండా కాపాడుకున్నది కూలీ జేబును కాదు, తన జేబును. ఆ దయామయుడి దయంతా అదీ.

ఆమె ఇల్లు చేరేసరికే, విచారణ కబురు ముందే అందుకున్న దయామయుడు బత్తాయిల సంచీతో వచ్చి మంచం మీద కూర్చుని ఉన్నాడు.

"సోమవారం మేడం వస్తది జస్టిన్. ఒంటిపూటే చేసిన్నని ఒక్కమాట చెప్పు. చేతి సంగతి ఫికర్ పెట్టుకోకు, నిన్ను వాచ్‌మన్‌గ పెట్టుకుంట. నేనున్న గదా!"

"అట్లనే సార్," అన్నాడు జస్టిన్, కట్టుకట్టిన చేతినే పైకెత్తి దండం పెడుతూ.

ఆయన గడప దాటాడో లేదో ఫ్లోరెన్స్ విరుచుకుపడింది. "వేళ్లు పోయినయ్, బుద్ధి కూడ పోయిందా నీకు? నీ చెయ్యి పోయినందుకు నీ బతుకంత వచ్చే పింఛను బత్తాయిలకు అమ్ముతున్నవా?"

"అన్నం పెట్టినోని మీద చాడీలు చెప్పమంటవా?"

"అన్నం నీ చెయ్యి పెట్టిందయ్యా! గాయన పెట్టలె."

సోమవారం వచ్చి నిజం చెప్పమని భద్రయ్యను అడిగింది. అతను తల దించుకున్నాడు. "అబద్ధమెందుకు వదినా, ఒంటిపూటే అని చెప్పమని సార్ మా అందరికీ చెప్పిండు. నిజం చెప్తే మంగళవారం నాకు పని ఉండదు." అతన్ని తిట్టడానికి ఆమెకు నోరు రాలేదు. భయపడేవాడి మీద ఆమెకు కోపం లేదు. కోపమంతా భయపెట్టి బత్తాయిలు పంచేవాడి మీదే.

ఆదివారం చర్చిలో ముందు వరుస కుర్చీలో ఆదినారాయణ కూర్చున్నాడు. ఆయన ఏనాడూ ప్రార్థనకు రాని మనిషి. ఆ రోజు జస్టిన్ సాక్ష్యం చెబుతాడని తెలిసి వచ్చాడు. చావు తప్పి బయటపడినవాళ్లు సంఘం ముందు నిలబడి, దేవుడు చేసిన మేలు చెప్పుకోవడం ఆ చర్చిలో ఆచారం. దేవుడి పక్కన ఇంకొకరి పేరు కూడా పడుతుందని ఈయనగారి ఆశ.

పడింది కూడా. జస్టిన్ మైకు ముందు నిలబడి దేవుడికి స్తోత్రం చెప్పి, వెంటనే, "మా సార్ కూడ నాకు దేవుని లెక్క. ఇన్నేండ్లల్ల ఒక్క రూపాయి కటింగ్ లేకుండ..." అన్నాడు.

"ఆగు!"

ఆడవాళ్ల చాప మీదినుంచి లేచింది ఫ్లోరెన్స్. "కటింగ్ లేదా? చెయ్యి ఎత్తు. అందరికీ చూపెట్టు. మరి గా వేళ్లు ఏడ పోయినయ్?"

జస్టిన్ తన చేతిని మొదటిసారి చూస్తున్నవాడిలా చూసుకున్నాడు.

"అయ్యగారూ, నన్ను క్షమించుండ్రి," అని పాస్టరు వైపు తిరిగిందామె. "నా మొగడు ఒంటిపూట పని చేసి పగటికే ఇంటికొస్తుండె అని గవర్నమెంటుకు చెప్పిండు ఈ సారు. శుక్రవారం మధ్యాహ్నం ఉపవాస ప్రార్థనకు జస్టిన్ ఒక్కనాడన్న వచ్చిండా? పని పిచ్చి పట్టి దేవుణ్ణి మరిచిండని మీరే గదా ప్రతి శుక్రవారం ఆయన పేరు పెట్టి ప్రార్థన చేసింది? పగటికే ఇంటికొచ్చెటోడైతే మీ ప్రార్థన ఎవరి గురించి? అబద్ధ సాక్ష్యం పాపమని మాకు చెప్తరు. రేపు ఆ మేడం ముంగట మీరేం చెప్తరు?"

పాస్టరుగారి నుదుట చెమట పట్టింది, నెత్తిమీద దాతగారి ఫ్యాన్లు గిర్రున తిరుగుతున్నా. ఆయన చెడ్డవాడు కాదు. ఫ్యాన్ల కింద కూర్చుని కాస్త మెత్తబడినవాడు, అంతే. ముందు వరుస వైపు చూశాడు, జస్టిన్ చేతివైపు చూశాడు. చివరికి గొంతు సవరించుకుని, "ఫ్లోరెన్సమ్మ అన్నది నిజం. శుక్రవారం మధ్యాహ్నాలు జస్టిన్ ఫ్యాక్టరీలోనే ఉన్నాడు. నేను ఫోన్ చేస్తే మిషన్ల చప్పుడే వినిపించేది. రేపు నేనూ వస్తాను," అన్నాడు.

ఆదినారాయణ లేచి వెళ్లిపోయాడు. చెప్పులు తారుమారు వేసుకుని మరీ వెళ్లాడని పిల్లలు చాలా రోజులు చెప్పుకున్నారు.

సోమవారం ప్రమీల ముందు పాస్టరు ఆ మాటే చెప్పాడు. ఆయన వెనుక నిలబడ్డ భద్రయ్య ముందుకు జరిగి, "నేను నిండురోజు పనోణ్ణే మేడం. మిషన్‌కు అవతల నేను, ఇవతల జస్టినన్న. స్విచ్ ఆపింది నేనే. అప్పటికి పొద్దు గుంకుతున్నది," అన్నాడు. ఒక గొంతు లేస్తే మిగతావి లేవడానికి ఎంతసేపు? ఆఖరున జస్టిన్ కూడా ముందుకొచ్చి, "నేను ఒంటిపూట కూలీని కాదు మేడం," అన్నాడు. ఆ మాట అనేటప్పుడు ఫ్లోరెన్స్ ముఖం చూడలేకపోయాడు.

జీతం సరిచేయడానికి నెలలు పట్టింది. తప్పించుకోవడానికి ఆదినారాయణ ఎక్కని గుమ్మం లేదు. చివరికి నిండు జీతం మీదే పింఛను ఖాయమైంది, తక్కువ కట్టినదంతా ఆయనే కక్కాడు. ఈలోగా ఆ మహాదాత మనుషులను పంపి చర్చిలోని ఫ్యాన్లు ఊడదీయించుకుపోయాడు. రెక్కల మీది పేరు అప్పుడు అందరికీ స్పష్టంగా కనిపించింది.

ఇప్పుడు జస్టిన్ ఆ చాయ్ బండి పక్కనే ఎడమచేత్తో పాన్‌డబ్బా నడుపుతున్నాడు. మొన్న శనివారం పెనుబల్లి నుంచి కొత్తగా పనికి వచ్చిన ఒకాయన, ఇంకో కాంట్రాక్టరు కింది కూలీ, డబ్బులు లెక్కపెట్టుకుంటూ, "మా సార్ దేవుడన్నా, కటింగే లేదు," అన్నాడు.

జస్టిన్ అతని ముందు తన కుడి అరచెయ్యి చాపాడు.

"సంబరపడకు తమ్మీ. పొయ్యి నీ సారును అడుగు, నా జీతం ఎంతని చూపెట్టినవని. జీతంల కొయ్యనోడు నీ ముసలితనంల కోస్తడు."