నీళ్లు లేని బండి

మా ఇంట్లో ఏ బండైనా గేటు దాటాలంటే ముందు మా అత్తయ్య చేతి నీళ్లు తాగాల్సిందే. నా కారుకైనా, మా మరిది డొక్కు వ్యానుకైనా ఒకటే రూలు. ఆవిడ పొద్దున్నే ప్లాస్టిక్ మగ్గు పట్టుకుని వస్తుంది. బానెట్ ఎత్తి, రేడియేటర్ పక్కన డబ్బాలో నీళ్లెంత ఉన్నాయో చూస్తుంది, తక్కువైతే పోస్తుంది. బానెట్ దించి, దాని మీద అరచేత్తో రెండు తట్లు తట్టి, "ఊఁ, తియ్యి" అంటుంది. అప్పటిదాకా తాళం తిప్పడానికి వీల్లేదు. మా ఆయన సైకిలు మీద ఆఫీసుకు పోవడానికి అసలు కారణం ఇదేనని నా అనుమానం.

అత్తయ్య ముప్ఫై ఏళ్లు సిటీ బస్సు నడిపింది. ఒక్క యాక్సిడెంటు లేదు. తర్వాత చూపు మందగించి, డాక్టరు ఇక స్టీరింగ్ పట్టుకోవద్దన్నాడు. ఎవరూ అడక్కుండానే వెళ్లి లైసెన్సు ఇచ్చేసి వచ్చింది. అప్పట్నుంచీ బండ్లతో ఆవిడకు మిగిలిన సంబంధం ఆ మగ్గెడు నీళ్లే. ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, పైకి మాత్రం ఎవరూ అనరు.

నాకు డ్రైవింగ్ స్కూలు ఉంది. రోజంతా పక్క సీట్లో కూర్చుని "క్లచ్చు, తల్లీ, క్లచ్చు!" అని అరవడం నా వృత్తి. నా ముక్కు మీది కోపం ఆ వృత్తి వల్ల వచ్చిందని నేనంటాను. పుట్టుకతోనే వచ్చిందని మా మరిది అంటాడు. ఏదైతేనేం, రోజంతా నత్తనడక బండ్లలో కూర్చున్న కసి కొద్దీ ఒక స్పోర్ట్స్ కారు కొనుక్కున్నాను. పాతదే. ఎర్రగా, నేలకు జానెడెత్తున, రెండే సీట్లతో ఉంటుంది. ఆదివారం దాన్నేసుకుని ఊరి బయట కొండ రోడ్డెక్కడం తప్ప నాకింకో సరదా లేదు.

ఆ సరదాకీ దిష్టి తగిలింది. ఖాళీ రోడ్డు మీద బుద్ధిగా పోయే బండి సిగ్నల్ దగ్గర ఆగితే చాలు, వేడి చూపించే ముల్లు ఎర్ర గీతకేసి పాకడం మొదలుపెడుతుంది. కొండయితే సగం కూడా ఎక్కదు, బుస్సుమని ఆవిరి వదులుతుంది. ఆదివారం పూట రోడ్డు పక్కన నిలబడి, పోయేవాళ్లందరి చేతా "ఏమైందమ్మా?" అనిపించుకోవడం ఏం బతుకు!

మా మరిదికి వర్క్‌షాపు ఉంది. "రేడియేటర్ మార్చాం, ఫ్యాన్ మార్చాం, పంపు మార్చాం. ఇంక మార్చాల్సింది నిన్నే వదినా" అన్నాడు.

"వెధవ జోకులాపి దారి చెప్పు."

"నీళ్లు లేని కూలెంటని, ఇంజనును చల్లబరిచే ద్రవం ఒకటుంది. నీళ్లయితే వేడెక్కి మరుగుతాయి, ఆవిరి పట్టిన చోట ఇంజనుకు చల్లదనం అందదు. ఇదేమో నూట ఎనభై డిగ్రీలు దాటితేగానీ మరగదు. లోపల తుప్పు పట్టదు. ఒకసారి పోశామంటే ఏళ్ల తరబడి మూత తియ్యక్కర్లేదు."

"మరి దీన్లో లొసుగేంటి?"

"వేడిని నీళ్లంత బాగా లాగదు. ఇంజను కాస్త వేడిగానే నడుస్తుంది, కాకపోతే ఉడికిపోదు. అసలు తంటా ఏంటంటే, దీన్లో నీళ్లు కలవకూడదు. మూడు శాతం దాటాయా, పోసిందంతా దండగ."

మూత తియ్యక్కర్లేదన్న మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది. కుళాయి దగ్గర అత్తయ్య మగ్గు కడుగుతోంది. వినపడనట్టే ఉంది గానీ, కడిగిన మగ్గునే మళ్లీ కడుగుతోంది. ఆలోచించి చెప్తానని మరిదిని పంపేశాను.

వారం తిరిగినా నేను ఎటూ తేల్చలేదు. బండి బాగుపడితే అత్తయ్య పని పోతుంది, అత్తయ్య పని ఉంటే బండి ఉడుకుతుంది. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటే ఇదే. చివరికి ఆవిడే అడిగేసింది.

"ఏంటమ్మాయ్ ఆలోచన? నా గురించేనా?"

"అబ్బే, అదేం కాదత్తయ్యా."

"అబద్ధమాడటం నీకు చేతకాదు. పోయించు. మగ్గు లాక్కుంటే ఏడవడానికి నేనేమన్నా చంటిపిల్లనా?"

అలా ముహూర్తం కుదిరింది. మరిది బండిలో నీళ్లన్నీ వంపేశాడు. గొట్టాల్లోకి గాలి కొట్టాడు. లోపలి తడిని పీల్చే ద్రవం ఒకటి పోసి, ఇంజను తిప్పి, మళ్లీ వంపాడు. అత్తయ్య స్టూలేసుకుని పక్కనే కూర్చుని, "ఆ మూల గొట్టం ఊదావా? కింది మర విప్పావా?" అని వాడి ప్రాణం తీసింది. కొత్తది పోసేటప్పుడు వాడు డబ్బా మీది గీతకు బాగా కిందే ఆపాడు. వేడెక్కితే ఇది పొంగుతుందనీ, ఆ ఖాళీ ఉండాలనీ మా ఇద్దరికీ చెప్పాడు. ఇద్దరం తలలూపాం.

మర్నాడు పొద్దున నేను హడావిడిగా వచ్చి సీట్లో కూలబడ్డాను. బానెట్ మీద రెండు తట్లు వినిపించాయి. "ఊఁ, తియ్యి" అంది అత్తయ్య. తీశాను. సిగ్నళ్ల దగ్గర ముల్లు కదల్లేదు, నా ఆనందానికి పట్టపగ్గాల్లేవు.

సాయంత్రం మరిది వచ్చి, డబ్బాలోంచి ఒక చుక్క తీసి, దుర్భిణిలాంటి గొట్టంలో పెట్టి చూశాడు. వాడి మొహం వాడిపోయింది.

"వదినా, ఎనిమిది శాతం నీళ్లున్నాయి. నిన్న చూస్తే ఒక్క శాతం కూడా లేవు."

ఇద్దరం ఒకేసారి గోడ మీది మగ్గు వైపు తిరిగాం. అత్తయ్య గుమ్మంలో నిలబడి ఉంది.

"గీతకి కింద కనపడింది" అంది మెల్లగా. "చెయ్యి పోసేసిందిరా. పోశానని కూడా నాకు తెలీలేదు."

అప్పుడు నేను నోరు మూసుకుని ఉండాల్సింది. పొద్దున ఆ తట్లు విన్నదాన్ని నేనే, బండి తీసినదాన్నీ నేనే. ఆ బుద్ధి అప్పుడేదీ? తాడెత్తున లేచాను. "ఇంత చెప్పినా అంతేనా! ఇక మీదట నా బండి మీద చెయ్యి వెయ్యొద్దు!" అని అరిచేశాను, స్కూల్లో గోడకు గుద్దిన కుర్రాడి మీద అరిచినట్టు. అత్తయ్య మగ్గు తీసుకెళ్లి స్నానాల గదిలో బోర్లించి, తన గదిలోకి వెళ్లిపోయింది. కాలు జారితే తీసుకోవచ్చుగానీ నోరు జారితే తీసుకోలేమని ఊరికే అన్నారా!

ఆ తర్వాత పొద్దున పూట ఆవిడ బయటికే రాలేదు. అడిగినదానికి జవాబు చెప్పేది, నవ్వేది కూడా, కానీ బండి తీసే వేళకు గది తలుపు వేసి ఉండేది. నేను తాళం పట్టుకుని సీట్లో కూర్చుంటే చెయ్యి తిరిగేది కాదు. నాకు ఏడుపొచ్చింది, సిగ్గెందుకు చెప్పడానికి. స్కూల్లో ఒకావిడ రివర్సు గేరులో కుండీలు పగలగొడితే "పర్లేదులెండి" అన్నాను. "మేడమ్, ఒంట్లో బాలేదా?" అని అడిగింది పాపం, కంగారుగా.

ఇంక లాభం లేదనుకుని మరిదిని పిలిచాను. "ఆ పాడైనదంతా వంపేసి, మామూలు నీళ్ల కూలెంటే పొయ్యి."

"నీకు మతిపోయిందా వదినా? మళ్లీ ఉడుకుతుంది!"

"ఉడకనీ. నా బండి, నా ఇష్టం."

వాడు తల కొట్టుకుంటూనే పోశాడు.

ఆదివారం పొద్దున మగ్గు నిండా నీళ్లు పట్టి, పెరటి మెట్ల మీద కూర్చున్న అత్తయ్య ముందు పెట్టాను.

"తప్పయిపోయిందత్తయ్యా. బండిని మళ్లీ నీళ్లకే మార్పించేశాను. రండి, మీరు పోస్తేగానీ తియ్యను."

ఆవిడ మగ్గు వంక చూసింది, నా వంక చూసింది. మెచ్చుకుంటుందనుకున్నాను.

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది" అంది. "నాకోసం బండిని ఉడకబెడతావా? నీళ్లు పొయ్యడం నాకు సరదా అనుకున్నావా? ముప్ఫై ఏళ్లు బస్సుకు పోశాను, ఆ మగ్గు మొహం చూస్తేనే విసుగు."

"మరి రోజూ..."

"నువ్వు బండి తీసే వేళకి దగ్గరుంటే, ఏదో ఒకరోజు 'మీరూ రండి అత్తయ్యా, అలా తిరిగొద్దాం' అంటావేమోనని. పక్క సీటు ఎప్పుడూ ఖాళీగానే పోతుందిగా."

నేను ఆవిడ పక్కన మెట్టు మీద కూలబడ్డాను.

"మీ మోకాళ్లకి... అంత కిందికి ఉన్న సీటు కష్టమేమోనని..."

"అడిగావా?"

"లేదు."

"వాడి చేత ఆ నీళ్లు లేని కూలెంటే మళ్లీ పోయించు. ఈసారి నా చెయ్యి నువ్వు పట్టుకో."

"ఇవాళ్టికి నీళ్లతోనే ఉందత్తయ్యా. కొండ సగంలో ఆగిపోతాం."

"ఆగిపోతే ఆగిపోతాం. చల్లారేదాకా రోడ్డు పక్కన కూర్చుని కబుర్లు చెప్పుకుందాం. నీకేమన్నా పనుందా?"

"రండి అత్తయ్యా" అన్నాను.

ఆ రెండు ముక్కలనడానికి నాకిన్నేళ్లు పట్టింది. ఆవిడ చెప్పులేసుకోవడానికి కూడా లోపలికి వెళ్లలేదు.