ముప్పయ్యో తారీఖు

పురుషోత్తం స్టాంపు ప్యాడు మీద నాలుగు నీటి చుక్కలు చిలకరించి, మూత పెట్టి, రిజిస్టరు తెరిచాడు. ముప్పై నాలుగేళ్లుగా పొద్దున్నే చేసే మొదటి పని అదే. సికింద్రాబాదులోని ఆ రికార్డుల ఆఫీసులో, పరాయి దేశాల్లో చనిపోయిన సైనికుల పేర్లు నమోదు చేసే బల్ల అతనిది. మల్కాజ్‌గిరి నుంచి లోకల్ రైలు, మధ్యాహ్నం పెరుగన్నం, సాయంత్రం మళ్లీ రైలు. కలం ఒరిసి ఒరిసి మధ్యవేలి పక్కన కాయ కాసింది. ఈ సాయంత్రంతో రిటైరు.

"ఆఖరి రోజు సుత ప్యాడు తడుపుతున్నరా సార్? రేపటి నుంచి ఇంట్ల మేడం దేని మీద ముద్ర కొట్టిస్తదో!" పక్క బల్ల సుకన్య నవ్వింది.

అతను నవ్వలేకపోయాడు. సొరుగులో సవరణ ఫారం ఉంది. ఇవాళ రోసమ్మ వస్తుంది. ఆమె సంతకం ఒక్కటే తక్కువ.

పదకొండేళ్ల కిందట రోసమ్మ కొడుకు కాలేబు శాంతిసేనతో ఆఫ్రికా వెళ్లి, లారీ బోల్తాపడి అక్కడే పోయాడు. వానలకు దారులు తెగి కబురు మూడు రోజులు ఆలస్యమైంది. అలాంటి కబురు కాగితంలో పై వరుసన ఉండేది కబురు పంపిన తేదీ. మనిషి పోయిన తేదీ లోపలెక్కడో ఐదో వరుసలో ఉంటుంది. నిన్నగాక మొన్న చేరినవాడైనా అది చూసుకుంటాడు. పురుషోత్తం మాత్రం పై వరుస చూసి జూన్ ముప్పై అని రాశాడు. పోయింది ఇరవై ఏడున.

నాలుగు నెలల తర్వాత ఆ తప్పు తన కంటనే పడింది. అప్పుడు ప్రమోషను ఫైలు కదులుతోంది. రిజిస్టరు మూసేశాడు. ఆ తల్లి ఏటా ముప్పయ్యో తారీఖున చర్చిలో జ్ఞాపకార్థ ప్రార్థన చేయించి, మౌలాలి నుంచి కేకు ముక్కలు పొట్లం కట్టి తెచ్చేది. అవి ఏనాడూ అతని గొంతు దిగలేదు.

సుకన్య భోజనానికి వెళ్లిన వేళకు రోసమ్మ వచ్చింది. ఉతికి ఉతికి పలచబడ్డ తెల్లచీర. ఈసారి పొట్లం కాదు, స్టీలు డబ్బా.

"ఏంది సారూ, గిట్ల చిక్కిపోయినవ్? పాస్టరుగారు ఇయ్యాల ప్రార్థన జెర లంబా చేసిండు. కాళ్లు గుంజినయ్."

అతను ఫారం ఆమె ముందు పరిచాడు. రైల్లో వల్లె వేసుకున్న మాటలన్నీ ఎటో పోయాయి.

"అమ్మా, రిజిస్టరుల ఉన్నది... కాలేబు పోయింది ముప్పైన కాదు."

"ఇరవై ఏడున," అంది రోసమ్మ. "శవప్పెట్టె రేకు మీద రాసి ఉండె కద. నేనే పీకి దాచిన."

ఆమె గొంతు తగ్గించింది.

"గా పొద్దే మా బిడ్డ ప్రిసిల్లా పెండ్లి. అన్న పానం పోయిన దినం తాను ఉంగరం తొడుక్కున్ననని తెలిస్తే ఆ పిల్ల బతుకుతదా? కాగితాలు పట్టుకొచ్చిన నాడు నీ ముందట గదే చెప్పి ఏడ్చిన. నువ్వు తల వంచుకొని రాస్తనే ఉన్నవ్. సర్టిఫికెట్ల ముప్పై చూసినంక సమజైంది. నౌకరికి తక్లీఫని తెల్సి సుత ఎవలు చేస్తరు సారూ గింత ఉపకారం? సమాధి రాయి మీద సుత ముప్పయ్యే చెక్కించిన."

ఆమె ఏడ్వడం అతనికి గుర్తుంది. ఏం చెప్పిందో ఒక్క ముక్క గుర్తులేదు. ఆ రోజు సగం పూట సెలవు పెట్టి, పన్నెండున్నర లోకల్ తప్పిపోతుందని గడియారం చూసుకుంటూ రాశాడు.

"అమ్మా, నేను అది..."

"చెప్పకు. గోడలకు చెవులుంటయ్. ఇప్పుడేం భయం పట్టింది నీకు? చించెయ్." ఫారం అతని వైపు తోసి లేచింది. "డబ్బా మళ్లొచ్చే ఏడు తీస్కపోతా. దేవుడు నిన్ను సల్లగ జూడాలె."

వచ్చే ఏడు అతను ఇక్కడ ఉండడని ఆమెకు తెలియదు.

సాయంత్రం దండ వేశారు, శాలువా కప్పారు, నిజాయితీపరుడన్నారు. అతను నేల చూపులు చూస్తూ కూర్చున్నాడు. తర్వాత నాలుగు మడతల ఫారం జేబులో పెట్టుకొని గబగబా మెట్లు దిగాడు.

"సార్, మీ డబ్బా!" సుకన్య పైనుంచి కేకేసింది.

ఈసారి విన్నాడు. విననట్టే వెళ్లిపోయాడు.

ఖాళీ బల్ల మీద స్టీలు డబ్బా అలాగే ఉంది. మూత మీద చుక్కలు చుక్కలుగా చెక్కిన అక్షరాలు: ప్రిసిల్లా పెండ్లి కానుక, 27-6-2014.