ఎర్రప్ప బండి ఎడమ టైరు

తొమ్మిదిన్నరకే ఎండ మండిపోతోంది. బత్తలపల్లె క్రాసులో తన పంక్చర్ కొట్టు ముందు కూర్చుని, నల్లమ్మ ఒక సైకిల్ ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచి బుడగల కోసం చూస్తోంది. ఇంతలో తమ్ముడు ఎర్రప్ప పికప్ బండి దుమ్ము లేపుకుంటూ వచ్చి ఆగింది. వెనక పదిహేను మంది దాకా కిక్కిరిసి నిలబడి ఉన్నారు. ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

ఎర్రప్ప దిగుతూనే అరిచాడు. "అక్కా, నువ్విచ్చిన టైరు చూడుపో! నెల కాల్యా, దారాలు బయటికొచ్చినాయి. సొంత తమ్మునికే ఇట్లాంటిది అంటగడ్తావా?"

నల్లమ్మకు గుండెలో చురుక్కుమంది. పదేళ్లుగా ఆ కొట్టు ఆమే చూసుకుంటోంది. భర్త సుంకన్న లారీ ఎక్కితే పదిహేను రోజులకు గానీ తిరిగి రాడు. టైరు మంచిదో కాదో చూడకుండా ఆమె ఎవరికీ ఇచ్చింది లేదు. తమ్ముడి బండికైతే మరీ ఏరి, రెండు రోజులు గాలి నిలబెట్టి చూసి మరీ ఇచ్చింది.

"ముందు చూడనీ," అంది.

"చూసేదానికి టైం ల్యా. స్టెప్నీ ఎక్కించు, బిర్నా. ముందర కూర్చున్న చౌడమ్మ వాళ్ల నాయన పోయినాడు. తెల్లారుజామున ఎస్టీడీ బూతుకు ఫోనొచ్చింది. కదిరి అవతల ఊరు. ఈ ఎండకు శవం ఆగదని ఒంటి గంటకే మట్టి చేస్తారంట."

నల్లమ్మ డ్రైవర్ పక్క సీటు వైపు చూసింది. ముప్పై ఐదేళ్ల మనిషి, తల దువ్వుకోలేదు, చెప్పులు లేవు. ఏడ్చి ఏడ్చి కళ్లు ఉబ్బి, రోడ్డును తప్ప దేన్నీ చూడకుండా కూర్చుని ఉంది. నల్లమ్మ జాకీ తీసుకుని ముందు ఎడమ చక్రం దగ్గర కూలబడింది.

టైరు లోపలి అంచు మొత్తం గుండు గీసినట్టు నున్నగా అయిపోయింది. బయటి అంచు మాత్రం కొత్తదానిలా ఉంది. ఆమె అరచేతిని టైరు మీద లోపలి నుంచి బయటికి పోనిచ్చింది. మెత్తగా జారింది. బయటి నుంచి లోపలికి లాగింది. రంపం పళ్లలా చర్మానికి గీసుకుంది.

టైరు నాసిదైతే అంతటా ఒక్కలాగే అరుగుతుంది. గాలి తక్కువైతే రెండు అంచులూ పోతాయి. ఇది అట్లా కాదు. చక్రం తిన్నగా దొర్లడం లేదు. అడ్డంగా ఈడ్చుకుంటూ పోతోంది.

"ఎర్రప్పా, ఇంతకు ముందు టైరూ ఇట్లే అరిగిందా?"

"ఇదే పక్క. అనంతపురంలో అలైన్‌మెంట్ చేయించినా. అయినా బండి ఎడమకే లాగుతాంది. ఇవన్నీ ఇప్పుడెందుకక్కా? బోల్టులిప్పు."

"బ్రేకు కొడితే ఇంకా లాగుతాందా?"

ఎర్రప్ప మెడ మీది చెమట తుడుచుకున్నాడు. "కొంచెం."

నల్లమ్మ లేచి కొట్టులోకి వెళ్లి నులక తాడు తెచ్చింది. ఎర్రప్ప చేత స్టీరింగు తిన్నగా పెట్టించి, తాడు ఒక కొసను ముందు చక్రం నడిమి మీద అతని చేతికిచ్చి, వెనక చక్రం నడిమి దాకా బిగించి లాగి ముడి వేసింది. అదే తాడును కుడి పక్కకు తీసుకుపోయింది. అక్కడ ముడి వెనక చక్రం నడిమికి అందలేదు. రెండు వేళ్లు తక్కువ పడింది. కొలత తప్పిందేమోనని మళ్లీ మొదటి నుంచి కొలిచింది. మళ్లీ రెండు వేళ్లే. ఎడమ చక్రం ఉండాల్సిన చోటు నుంచి వెనక్కి జరిగి ఉంది.

బండి మీది నుంచి ఒక ముసలాయన విసుక్కున్నాడు. "ఏమమ్మా, పీనుగ దగ్గరికి పోయే జనాన్ని నిలబెట్టి తాడుతో ఆటలాడుతాండావే!"

నల్లమ్మ గోనెపట్టా పరుచుకుని బండి కిందికి దూరింది. లోపల వేడి, కాలిన ఆయిలు వాసన. చాసీ అంతా ఎర్రమన్ను పట్టి ఉంది. ఎడమ చక్రాన్ని మోసే కమాన్ పట్టీల ముందు కొసను చాసీకి పట్టి ఉంచే బ్రాకెట్ ఒక్కటే నల్లగా, కొత్త పెయింటుతో మెరుస్తోంది. స్క్రూడ్రైవర్‌తో ఆ పెయింటును గీకింది. కింద లావుపాటి వెల్డింగు అతుకు బయటపడింది. ఆ అతుకు వెంట వెంట్రుకంత సన్నని తుప్పు గీత. టామీ రాడ్ కొసను సందులో పెట్టి బలంగా ఎత్తితే, గీత గోరు పట్టేంత వెడల్పుగా తెరుచుకుంది.

ఈ బండి ఎప్పుడో దేన్నో గుద్దింది. విరిగిన చోట అతుకు వేసి, రంగు పూసి అమ్మారు. ఇప్పుడా అతుకు వీడుతోంది. కదిరి దారిలో గుట్టల మధ్య దిగుడు ఉంది. అక్కడ పదిహేను మంది బరువుతో బ్రేకు పడితే...

బయటికి వచ్చి తమ్ముడి చెయ్యి పట్టుకుని పక్కకు లాగింది. "బండి కదిలించద్దు. పట్టీ బ్రాకెట్ పగిలింది."

"వెల్డింగు ఉండాది కదా! అమ్మినోడు చెప్పినాడు."

"ఆ వెల్డింగే పగిలింది. పోయి నీ కండ్లతో చూడు."

ఎర్రప్ప చూడలేదు. బండి కొన్నప్పుడు ఊరంతా పిలిచి కొబ్బరికాయ కొట్టినవాడు. మూడేళ్లుగా వాన లేక చేలు బీడు పడితే, ఇంటిల్లిపాదీ ఆ బండి మీదే బతుకుతున్నారు. అతని మొహం ఎర్రబడింది. "నీ టైరు బాగలేదంటే, నా బండి బాగలేదంటావా? నిదానంగా పోతాలే."

ఈ మాటలు చౌడమ్మ చెవిన పడ్డాయి. ఆమె తలుపు తెరిచి దిగింది. "అక్కా, నీ కాళ్లు పట్టుకుంటా. నన్ను ఆపొద్దు. ఉగాదికి రమ్మంటే పోలేదు. పని ఉండాదంటిని. ఇప్పుడు మొగమన్నా చూడకపోతే ఎట్ల బతికేది?"

నల్లమ్మ వెనుదిరిగి ఆ చక్రం వైపు చూసింది. తన లెక్క తప్పైతే? ఆ అతుకు ఇంకో నెల ఆగేదైతే? ఒక కూతురికి తండ్రి ఆఖరి చూపు దక్కకుండా చేసిన పాపం తనదే అవుతుంది. బండి మీదున్న మొహాలను ఒకసారి చూసింది. చంకలో పసిబిడ్డతో ఒకామె అంచుకు ఆనుకుని ఉంది.

"మే చౌడమ్మా, నిన్ను పంపిస్తా. ఈ బండిలో మాత్రం కాదు," అంది.

అంతలో ఎర్రప్ప ఎక్కి ఇంజను స్టార్ట్ చేశాడు. నల్లమ్మ రెండంగల్లో బండికి అడ్డం వచ్చి నిలబడింది.

"అక్కా, పక్కకు పో!"

"పోను."

"పోతావా ల్యా?"

ఆమె కదల్లేదు. బెదిరిద్దామనుకున్నాడో, ఆమె తప్పుకుంటుందనుకున్నాడో, ఎర్రప్ప క్లచ్ వదిలాడు. బండి ఒక్క దూకు దూకింది. అక్క తప్పుకోలేదు. అతను బ్రేకును బలం కొద్దీ తొక్కాడు.

ఫట్‌మని బండరాయి పగిలినట్టు చప్పుడైంది.

బండి ఎడమకు ఒరిగిపోయింది. ముందు చక్రం వెనక్కి జారి మడ్‌గార్డుకు గుద్దుకుని నిలిచిపోయింది. జనం ఒకరి మీద ఒకరు పడి కేకలు పెట్టారు. పసిబిడ్డ గుక్కపట్టి ఏడ్చింది. బంపర్ నల్లమ్మకు జానెడు దూరంలో ఆగింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. విసుక్కున్న ముసలాయన అందరికంటే ముందు దిగి, వంగి, వంకర తిరిగిన చక్రాన్ని చూసి, తలపాగా విప్పి మొహం తుడుచుకున్నాడు.

ఎర్రప్ప స్టీరింగు వదల్లేదు. అతని వేళ్లను నల్లమ్మే ఒక్కొక్కటిగా విడదీసింది. "దిగు నాయనా. ఏం కాల్యా. దిగు."

అప్పటికి పది దాటింది. బస్సు పదకొండుకు గానీ లేదు. నల్లమ్మ రోడ్డు నడిమికి పోయి రెండు చేతులూ చాపి, ఖాళీ టమాట బుట్టలతో పోతున్న లారీని ఆపింది. డ్రైవరు సుంకన్నకు తెలిసినవాడే. కదిరి దాకా అందరినీ ఎక్కించుకుంటానన్నాడు. చౌడమ్మ లారీ ఎక్కుతూ వెనక్కి తిరిగి నల్లమ్మను చూసింది. ఆ చూపులో కృతజ్ఞత లేదు.

మూడో రోజు మధ్యాహ్నం చౌడమ్మ బస్సు దిగి కొట్టు దగ్గరికి వచ్చింది. ఎర్రప్ప అక్కడే ఉన్నాడు. బండిని తాళ్లు కట్టి అనంతపురం తీసుకుపోయారు. కొత్త బ్రాకెట్ బిగిస్తున్నారు. ఆమెను చూడగానే అతను లేచి నిలబడి తల దించుకున్నాడు.

నల్లమ్మ నీళ్ల చెంబు అందించింది. చౌడమ్మ గడగడా తాగి బల్ల మీద కూర్చుంది.

"అందుకున్యావా?" నల్లమ్మ భయంభయంగా అడిగింది.

"ల్యా. కదిరి కాన్నుంచి ఆటో దొరకల్యా. నేను పోయేసరికి మన్నుపోసి కాళ్లు కడుక్కుంటాండారు." చెంబు కింద పెట్టింది. "దారంతా నిన్ను తిట్టుకుంటానే పోయినానక్కా. నోటికొచ్చినట్ల తిట్టినా."

"తిట్టవా మరి."

"ఆ గుట్టల కాడ దిగుడులో లారీ పోయేటప్పుడు కిందికి చూసినా. ఆడ లోయ ఉండాది. అప్పుడు తిట్టేది నిలిపేసినా." కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "కానీ మా నాయన మొగం చూడల్యా అక్కా."

నల్లమ్మ ఆమె పక్కన కూర్చుంది. ఆమె చెయ్యిని తన ఒళ్లోకి తీసుకుంది. ఆయిలు మరకల చేతిలో ఆ చెయ్యి చాలాసేపు ఉండిపోయింది.

చివరికి చౌడమ్మే అడిగింది. "పదకొండో దినానికి మా జనం పోవల్ల. ఎర్రప్పన్న బండి వస్తాదా?"

ఎర్రప్ప అక్క మొహం చూశాడు. ఎప్పుడూ తనే ముందు జవాబిచ్చేవాడు.

"రాదు," అంది నల్లమ్మ. "బ్రాకెట్ పడినాక ఇంకో నెల ఖాళీగా తిప్పి, టైరు ఎట్ల అరుగుతాందో చూడల్ల. మీరు బస్సుకు పోండి."

ఎర్రప్ప చౌడమ్మ మూట తీసి భుజాన వేసుకుని, ఊరి బస్సు ఎక్కించడానికి ఆమె వెంట నడిచాడు.