నైరుతి తలుపు

నేను ఒక ఇనప తలుపుని. నాకు ఒక మనిషి మీద కడుపుమంట ఉంది. ముందు అతని పేరు చెప్పి, తర్వాత నా కథ చెబుతాను. పావులూరి చెంచురామయ్య. పేటలో పరుపుల కార్ఖానా యజమాని. నలుగురిలో పెద్దమనిషి, పండగకీ పబ్బానికీ పులిహోర పంచే చెయ్యి. ఆ చెయ్యి నా వీపున ఏం చేసిందో వినండి.

నేను పుట్టింది అతని మంచితనం వల్ల కాదు. ఎక్కడో పెద్ద ఊళ్లో ఒక కార్ఖానా తగలబడి జనం పోయారు. వాళ్ల ఫొటోలు పేపర్లో పడ్డాక సర్కారుకి మెలకువ వచ్చి, రాష్ట్రమంతటికీ ఒకే రూలు తెచ్చింది. పదిమంది పనిచేసే ప్రతి చోటా రెండో దారి ఉండాలి. దానికి బయటికి తెరుచుకునే తలుపు ఉండాలి. లోపలివాళ్లు నెడితే చాలు, తాళంతో పని లేకుండా తెరుచుకోవాలి. రూలు మంచిదే. రూళ్లన్నీ మంచివే. మనిషి చేతిలో పడ్డాకే వాటికి తెగులు పడుతుంది.

నన్ను చేసింది వెల్డింగు పీరయ్య. బస్టాండు వెనక సొంత జాగాలో రేకుల షెడ్డు, అదే అతని ఆస్తి, అదే అతని పరువు. అతని భార్య సైదమ్మ ఆ కార్ఖానాలోనే పరుపులు కుట్టేది. దూదేకులవాళ్ల పిల్ల, దూదిలో పుట్టి దూదిలో పెరిగింది. అందుకే పీరయ్య నన్ను చెంచురామయ్య కోసం చెయ్యలేదు, పెళ్లాం కోసం చేశాడు. అడిగినదానికంటే మందం రేకు వేశాడు. నడుము ఎత్తున అడ్డంగా ఒక కడ్డీ పెట్టాడు. దాన్ని నెడితే గడియ ఊడుతుంది. బిగించిన రోజు ఆవిణ్ణి పిలిచి, "చేతులు పెట్టకుండా తెరువు, చూద్దాం" అన్నాడు.

సైదమ్మ నడుముతో ఒక్క పోటు పొడిచింది. నేను బార్లా తెరుచుకున్నాను. ఆవిడ వెనక సందులోకి తూలి, కాలవలో పడబోయి నిలదొక్కుకుంది.

"చంపుతావా ఏందయ్యా? కాస్త బిగువుగా పెట్టరాదూ!"

"బిగువుగా పెడితే నిప్పంటుకున్న రోజు నన్నే తిడతావు. ఇట్టాగే ఉండాల."

తోటి ఆడవాళ్లు పకపకా నవ్వారు. నేను పుట్టి సుఖపడింది ఆ కాసేపే.

కార్ఖానాకి రెండు పక్కలా ఇరుగుపొరుగు గోడలే, ముందు షట్టరు. ఖాళీ ఉన్నది వెనక మూల ఒక్కటే. అది నైరుతి. నన్ను బిగించిన కొత్తలో లారీ సరుకు ఒకటి వానకి తడిసింది. వాన ఊరందరి మీదా కురిసింది, కానీ చెంచురామయ్య తన మీదే కురిసిందనుకున్నాడు. పరుగున వెళ్లి నాగలింగ సిద్ధాంతిని తీసుకొచ్చాడు.

"నైరుతిలో దారి పెట్టి కూచున్నావా నాయనా! యజమానికి గండం" అన్నాడు సిద్ధాంతి.

"గవర్నమెంటు పెట్టించింది సిద్ధాంతి గారూ. తలుపు తీసేస్తే కార్ఖానాకి సీలేస్తారు."

"తలుపు తీసెయ్యమన్నానా? దారి ఉండకూడదన్నాను."

చెంచురామయ్య మొహం వెలిగిపోయింది. ఆదివారం కార్ఖానా మూసి ఉండగా ఒక మేస్త్రీ సందులోంచి వచ్చి, నా వీపుకి ఆనించి ఇటుకల గోడ కట్టేశాడు. లోపలినుంచి చూస్తే నేను తలుపునే. ఎర్ర రంగు, పసుపు బొట్లు, పైన 'అత్యవసర ద్వారం' అని అక్షరాలు. తెరిస్తే మురుగు కంపు, దోమలు, ఎవరూ ముట్టుకోవద్దని ఆడవాళ్లకి ఆర్డరు. ఆ సందులోకి కుక్కలు తప్ప ఎవరూ రారు. సర్కారుకి తలుపు, శాస్త్రానికి గోడ! ఇద్దరినీ మేపాడు మహానుభావుడు.

తర్వాత తనిఖీకి ఆఫీసరు వచ్చాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. కడ్డీ మీద చెయ్యి కూడా వేశాడు. నెట్టు నాయనా, ఒక్కసారి నెట్టు అని లోలోపల మొత్తుకున్నాను.

"ఇది ఏ మూలండీ?" అన్నాడు.

"నైరుతి సార్."

నిప్పు తగిలినట్టు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "అయ్యబాబోయ్! మా ఇంట్లో ఆ మూల కిటికీ పెట్టించినందుకే నాకు ఏజెన్సీకి ట్రాన్స్‌ఫర్ పడింది. ఊరికే తెరవమాకండి." చెంచురామయ్యని నా పక్కన నిలబెట్టి, సెల్లుతో ఫొటో తీసుకుని వెళ్లిపోయాడు. ఆ ఫొటోలో చెంచురామయ్య నవ్వుతున్నాడు.

ఎండాకాలం, అన్నాల వేళ. దూది ఏకే మిషను దగ్గర వైరు అంటుకుంది. దూదికి నిప్పు తగిలితే ఇంక చెప్పేదేముంది! షట్టరు వైపంతా పొగ. ఆడవాళ్లు ఎటు పోవాలో తెలీక గింగిరాలు తిరుగుతుంటే సైదమ్మ గొంతు వినిపించింది.

"ఇటు రండే! ఈ తలుపు మా ఆయన చేసిందే. నడుంతో పొడిస్తే తెరుచుకుంటది. ఇటు రండి!"

ఆ మాట నమ్మి అందరూ నా దగ్గరికి వచ్చారు. ఆవిడ పొడిచింది. గడియ ఊడింది. పీరయ్య పనిలో వంక లేదు. నేను మాత్రం వేలెడు కూడా కదల్లేదు. మళ్లీ పొడిచింది. అందరూ కలిసి తోశారు.

"ఏం తలుపు చేశావయ్యా!" అని అరిచింది సైదమ్మ.

ఆ అరుపు గోడ అవతల పీరయ్య చెవిన పడింది. పొగ చూసి సమ్మెట పట్టుకుని సందులోకి ఉరికొచ్చినవాడికి, తలుపు ఉండాల్సిన చోట గోడ కనిపించింది. సందు తప్పానేమోనని అటూ ఇటూ చూస్తున్నాడు పాపం. పెళ్లాం గొంతు విన్నాక ఇంక చూడలేదు. పిచ్చివాడిలా కొట్టాడు. గోడ కూలింది, నేను తెరుచుకున్నాను. ఒక్కొక్కరే బయటపడ్డారు. అందరినీ ముందుకి తోస్తూ సైదమ్మ చివరికి మిగిలింది. ఆవిడ బయటికి వచ్చేసరికి వీపు లేదు, చేతులు లేవు.

కేసు కోసం నన్ను ఊడదీసి, పోలీసు స్టేషను వెనక తుప్పు పట్టిన మోటారు సైకిళ్ల మధ్య పడేశారు. పీరయ్య స్టేషనుకి వచ్చినప్పుడల్లా నా పక్కన కూచుని తనలో తనే మాట్లాడుకుంటాడు. గుంటూరు ఆసుపత్రిలో ఆవిడకి చెప్పాడట, "తలుపు బానే చేశా సైదా, బయట గోడ కట్టారు" అని.

"గోడెందుకయ్యా?"

"వాస్తంట."

సైదమ్మ నవ్విందట. నవ్వితే కట్లు లాగాయట. ఆ వారమే పోయింది.

చెంచురామయ్యకి బెయిలొచ్చింది, ఇన్సూరెన్సు కూడా వచ్చింది. గోడ కట్టినా తలుపు గుర్తు మిగిలింది గనకే అగ్నిగండం పట్టిందని సిద్ధాంతి తేల్చాడు. అంటే తప్పు నాది! సర్కారు మాత్రం ఊరుకుందా? ఇంకో రూలు తెచ్చింది. ఇక మీదట ఫొటో తలుపు తెరిచి తియ్యాలట.

ఆసుపత్రి ఖర్చుకి పీరయ్య అమ్మింది బస్టాండు వెనక జాగా, రెండు సెంట్లు, షెడ్డుతో సహా. నైరుతి వీధిపోటు ఉందని కొన్నవాడు సెంటుకి ఇరవై వేలు తగ్గించి ఇచ్చాడు.